సౌలు గుర్రం

గుర్రం లేదు. తొమ్మిదో అధ్యాయంలో లేదు, ఇరవై రెండులో లేదు, ఇరవై ఆరులో లేదు. యేసు శిష్యుల్ని బంధించబోతున్న సౌలు దమస్కు దారిలో నేలమీద పడిన సంగతి అపొస్తలుల కార్యాల్లో మూడుసార్లు వస్తుంది. మూడుచోట్లా వెలుగుంది, స్వరముంది, పడటముంది, గుర్రం మాత్రం లేదు. టీచరుగారు ఈ వారంలో ఆ మూడు అధ్యాయాలూ పదకొండుసార్లు చదివి, మూడుచోట్లా కాగితం ముక్కలు పెట్టి, ఆ బైబిలును సంచిలో పెట్టుకుని, సంచిని ఒళ్లో పెట్టుకుని, చర్చి వెనక హాల్లో అందరికంటే దూరంగా కూర్చుంది. ఎదురుగా టైలరమ్మ చదువుతోంది. వరస కింద చూపుడువేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగి, మాట అయ్యాక వేలు జరిపి, మళ్లీ ఆగి. ఆ వేలినిండా సూదిపోట్ల మచ్చలు. యాభై ఏడేళ్ల మనిషి ఒకటో తరగతి పిల్లలా చదువుతుంటే ఇరవై ముగ్గురు పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇరవై ముగ్గురు. రాగానే లెక్కపెట్టింది. తన రోజుల్లో పదకొండు దాటితే గొప్ప, అందులో ఇద్దరు కునికిపాట్లు పడేవాళ్లు. తను ఎంత గడగడా చదివేది! అధ్యాయం మొత్తం నాలుగు నిమిషాల్లో, ఒక్క అక్షరం తడబడకుండా. తడబడితే వింటారన్నమాట మనుషులు. ఆ సంగతి ముందే తెలిస్తే తనూ తడబడేది.

గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. తొమ్మిదింటికి ఆరాధన గంట కొడతారు. గంటకు ముందు పాస్టరుగారు వచ్చి, వచ్చే నెల నుంచి ఈ పెద్దల బైబిలు తరగతి ఎవరు చెప్పాలో అందరినీ అడిగి తేలుస్తానన్నారు. తేల్చడానికేముంది? పంతొమ్మిదేళ్ల కింద ఈ తరగతిని పుట్టించింది ఎవరు? బడిలో పాతదని పారేస్తున్న నల్లబల్లను బతిమాలి బండిమీద వేయించుకొచ్చింది ఎవరు? ప్రతి ఆదివారం మూడు శీర్షికలు, ఒక్కో శీర్షిక కింద మూడు అంశాలు, చివర కంఠస్థ వాక్యం, వచ్చే వారం దానిమీద ప్రశ్నలు. ఒక ఏడాది అసూయ మీదే ఆరు వారాలు చెప్పింది. అసూయ లక్షణాలు, అసూయ ఫలితాలు, అసూయకు మందు. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ ఇంట్లో బీరువాలో ఉంది. మందేమిటని రాసిందో మాత్రం ఈ మూడు నెలలుగా గుర్తుకు రావడం లేదు, తీసి చూడబుద్ధీ కావడం లేదు.

అంతా ఈ కంటివల్ల వచ్చింది. శుక్లం తీశాక ఆరు వారాలు పుస్తకం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ ఆరు వారాలూ తరగతి ఎవరికి అప్పజెబుదామని పాస్టరుగారు అడిగితే, నర్సమ్మ ఉన్నా, బ్యాంకాయన ఉన్నా, వాళ్లెవరినీ కాదని టైలరమ్మ పేరు తనే చెప్పింది. అధ్యాయం చదివి ఊరుకుంటే చాలు, వచ్చాక నేను వివరిస్తానంది. మీది ఎంత పెద్దమనసండీ అన్నారు పాస్టరుగారు. పెద్దమనసు! బాగా చెప్పేవాళ్లను కూర్చోబెడితే కుర్చీ మళ్లీ తన చేతికి రాదేమోనని, చెప్పలేని మనిషిని ఏరి కోరి కూర్చోబెట్టింది. ఆ సంగతి తనకు తెలుసు, దేవుడికి తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఏడో వారం వచ్చేసరికి వరసలుగా ఉండాల్సిన కుర్చీలు గుండ్రంగా ఉన్నాయి. నల్లబల్ల గోడవైపు తిరిగి ఉంది, దానికి గొడుగులు తగిలించి ఉన్నాయి. మీరు ఇంకొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి టీచరుగారూ అన్నారందరూ, ఎంత ప్రేమగా అన్నారంటే ఆ ప్రేమకు ఒళ్లు మండిపోయింది. గుండ్రానికి వెనక వరస ఉండదు కాబట్టి, తను ఒక కుర్చీ లాక్కుని తలుపు పక్కన, ఆ గుండ్రానికి బయట కూర్చుంది. అప్పటినుంచి అదే తన చోటు.

ఇక ఇంట్లో ఆయన. వాచీలు బాగుచేసిన మనిషి, పనిలోనూ ఇంట్లోనూ పెద్దగా నోరు విప్పని మనిషి. పంతొమ్మిదేళ్లు తను లోపల పాఠం చెబుతుంటే ఆయన ఆవరణలో గోడకానుకుని చర్చి డ్రైవరుతో బస్సుల గురించి మాట్లాడేవాడు. లోపలికి రావచ్చుగా అంటే, నువ్వు చెప్పేది ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాగా అని నవ్వేవాడు. అలాంటి మనిషి టైలరమ్మ చదవడం మొదలుపెట్టిన రెండో వారమే లోపలికొచ్చి కూర్చున్నాడట. తన కంటి చుక్కల సీసా జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చాక గంటకొకసారి తనకు చుక్కలు వేస్తూ కూడా, ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు చూడు, అటు కిటికీ పక్కన, మోకాళ్లమీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి, బాగుచేయాల్సిన వాచీ చెవిదగ్గర పెట్టుకున్నప్పటి మొహంతో వింటున్నాడు. ఆ మొహం తనవైపు ఎప్పుడు తిప్పాడు? పెళ్లయిన కొత్తలో తిప్పాడేమో. అప్పుడు తను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉండి ఉంటుంది.

పోయిన వారం జరిగింది మరీ ఘోరం. టైలరమ్మ ఇలాగే వేలు జరుపుకుంటూ సౌలు కథ సగందాకా చదివి, పుస్తకం మూసి, అంత పెద్ద అధికారి, గుర్రం మీద పోతున్న మనిషి, గుర్రం మీంచి కింద పడ్డాడండీ, మీరెప్పుడైనా అలా పడ్డారా అని అడిగింది. అడిగి నోరు మూసుకుంది. అదే ఆవిడ విద్యంతా. ఒక్క ప్రశ్న అడిగి మౌనంగా కూర్చోవడం. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, ఎవరూ ఉలకరు పలకరు. తనైతే ఆ మౌనం ఒక్క క్షణం భరించలేదు, జవాబు తనే చెప్పేసి బల్లమీద రాసేస్తుంది. ఇదేం పద్ధతమ్మా అని ఒకసారి అడిగితే టైలరమ్మ నవ్వి, నడుం కొలత తీసేటప్పుడు టేపు తగలగానే అందరూ పొట్ట లోపలికి లాగేస్తారండీ, అప్పుడే కొలిస్తే బట్ట బిగుతైపోతుంది, వాళ్లు ఊపిరి వదిలేదాకా ఆగాలి అంది. అంతే. దానికి ఏ పుస్తకమూ చదవక్కర్లేదు. ఆ మౌనంలో ఎవరు ఊపిరి వదిలారు? ఆయన. గొంతు సవరించుకుని, తలెత్తకుండా, దుకాణం మూతపడ్డప్పుడు నేను ఇరవై ఆరు రోజులు పనిముట్ల పెట్టె పట్టుకుని రోజూ ఇంట్లోంచి బయల్దేరి బస్టాండులో కూర్చుని సాయంత్రం ఇంటికెళ్లానండీ అన్నాడు. ఇంట్లో చెప్పలేదా అని ఎవరో అడిగారు. ఆయన కాస్త నవ్వాడు.

"భయమండీ. మా ఆవిడ టీచరు కదా, మార్కులు వేస్తుందని."

అందరూ నవ్వారు, మెత్తగా, ఆయన్ని దగ్గరకు తీసుకున్నట్టుగా. తనూ నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది, అందరూ తనవైపే చూస్తుంటే. ఆ ఇరవై ఆరు రోజులూ తను పొద్దున్నే టిఫిను డబ్బా కట్టి చేతికిచ్చింది. ఆ డబ్బా తెచ్చి బస్టాండు బల్లమీద పెట్టుకుని ఒక్కడే తిన్నాడన్నమాట. దాదాపు పదహారేళ్లయింది. పదహారేళ్లు పక్కన పడుకున్న మనిషికి చెప్పని మాట, టేపు మెళ్లో వేసుకుని వచ్చే మనిషి ఒక్క ప్రశ్న అడిగితే చెప్పేశాడు. హాలు గడప దగ్గర మెట్టు ఎత్తు తక్కువ, ఆపరేషన్ అయ్యాక తనకు లోతు తెలియదని ఆయన ప్రతివారం అక్కడ చెయ్యి అందిస్తాడు, తను ప్రతివారం గోడ పట్టుకుని దిగుతుంది. ఆ రోజూ గోడే పట్టుకుంది. ఇంటికెళ్లి సంచైనా దించకుండా బైబిలు తెరిచింది, ఎందుకో తనకే తెలియదు, ఆ ప్రశ్నలో ఏదో ఒక లోపం ఉండకపోతుందా అని. ఉంది. గుర్రం లేదు. అంత ఆనందం తనకు కలిగి ఎన్నేళ్లయిందో. ప్రార్థనలో కూడా కలగలేదు. ఆ సంగతి తోచాక కాసేపు సిగ్గేసింది, తర్వాత రెండో కాగితం ముక్క చింపింది.

ప్రార్థన మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, అసలు మంట అక్కడుంది. తరగతి పోతే పోనీ. టైలరమ్మ ప్రార్థన చేస్తే ఎదురుగా ఎవరో కూర్చుని వింటున్నట్టే ఉంటుంది. బట్ట తెచ్చిన మనిషితో మాట్లాడినట్టు, పొద్దున మిషను సూది విరిగిందయ్యా, నువ్వే చూసుకో అంటుంది. తన ప్రార్థనలు చక్కగా ఉంటాయి, స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన, వరస తప్పవు. అన్నీ అయ్యాక గదిలో తనొక్కతే ఉంటుంది. నలభై ఏళ్లుగా తనొక్కతే ఉంటుంది. ఎవరితోనూ అనలేదు. టీచరు ఎలా అంటుంది? అక్షరాలు నేర్పింది తనైతే, ఉత్తరాలు ఆవిడకు వస్తున్నాయి.

అవును, తనే నేర్పింది. బుధవారం మధ్యాహ్నాలు, ఈ హాలు పక్క గదిలో, చదువురాని పెద్దవాళ్లకు. టైలరమ్మకు అప్పుడు ముప్ఫై ఎనిమిది. కొలతలు రాసుకోవడం రాక దారాలకు ముళ్లు వేసుకునేది. ఒక్కో మనిషికి ఒక్కో రంగు దారం, ఛాతీకి ఒక ముడి, నడుముకు ఒక ముడి, చేతికి ఒక ముడి. మేకుకు వేలాడుతూ అరవై దారాలు, ఏ దారం ఎవరిదో ఒక్కటీ తప్పేది కాదు. చూసి తను నవ్వింది. తర్వాత ఆ వేళ్లు పట్టుకుని దిద్దించింది. గుణింతాలు దాటి వత్తుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బలపం కింద పెట్టేసి, ఇవి నావల్ల కాదండీ అని ఏడ్చింది. అప్పుడు తను ఒక్కో కష్టమైన మాటకు ఒక బొమ్మ వేసి, కింద ఆ మాట రాసి, కాగితం ఇంటికిచ్చి పంపేది. బొమ్మలు తనకు రావు. మేక వేస్తే కుక్కలా, కుక్క వేస్తే పీటలా ఉండేవి. ఆవిడ ఏడుపు మానేసి పడీ పడీ నవ్వేది. ఎంత బాగుండేవి ఆ బుధవారాలు! ఆవిడ మొదటిసారి తన పేరు రాసుకున్న రోజు ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజు అసూయ ఏదీ? ఆవిడ కింద ఉన్నన్నాళ్లూ లేదు.

చదవడం ఆగింది. టైలరమ్మ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, సౌలుకు కళ్లు కనబడలేదు కదండీ, పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని ఊళ్లోకి నడిపించారు, మిమ్మల్ని ఎవరైనా అలా నడిపించారా అని అడిగి, ఊరుకుంది. మొదలైంది మౌనం. టీచరుగారికి ఆ ఆరు వారాలు గుర్తొచ్చాయి. కంటిమీద కట్టు, చల్లటి చుక్క, కనురెప్ప పైకెత్తిన బొటనవేలు, వాచీల్లో నువ్వుగింజంత స్క్రూలు తిప్పిన వేలు కాబట్టి వణకదు. వద్దు, ఆ దారి వద్దు. ఎనిమిదీ నలభై. ఇంకాసేపట్లో పాస్టరుగారు వస్తారు. కిటికీ పక్కన ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. మళ్లీ ఏదో చెబుతాడు, మళ్లీ ఇక్కడే, మళ్లీ ఆవిడకే. అది వినడం మాత్రం తనవల్ల కాదు. లేచి నిలబడింది.

"చిన్న సందేహమమ్మా. పోయిన వారం గుర్రమన్నావు. అది ఏ వచనంలో ఉంది?"

ఎంత నెమ్మదిగా అంది! తన గొంతు తనకే ముద్దొచ్చింది. పేజీలు తిరిగాయి, ఇరవై ముగ్గురివీ. టైలరమ్మ వేలు పెట్టి వెతికింది, వరస తర్వాత వరస, ఎంతసేపు వెతికిందంటే నర్సమ్మ జాలిపడి లేదండీ అనేసింది. టైలరమ్మ అయోమయంగా బైబిలు చివరి అట్ట తీసింది. అట్టకూ పేజీకీ మధ్య మడతపెట్టిన కాగితమొకటి ఉంది, పసుపుపచ్చగా మారింది, మడతల దగ్గర చిరిగితే దారంతో కుట్టి ఉంది. విప్పింది. తలుపు పక్కనుంచి టీచరుగారికి అది వెనకవైపునుంచి, కిటికీ వెలుతురులో కనబడింది. ఆపరేషన్ అయిన కన్ను ఎంత బాగా చూస్తోందో. నాలుగు కాళ్లు, కుక్క చెవులు, పొడుగు మెడ. మీద ఒక మనిషి జారిపోతున్నాడు. కింద పెద్ద అక్షరాలు, వెనకనుంచి తిరగబడి ఉన్నా ఆ రాత ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. గుర్రం. ర కింద ర వత్తు. దమస్కు దారిలో సౌలు గుర్రమమ్మా, ధభీమని కింద పడ్డాడు చూడు, ఈ వత్తు కూడా అలాగే కింద పడింది, ఇక మరిచిపోవు అంది తను ఆ బుధవారం. ఆవిడ మరిచిపోలేదు. పంతొమ్మిదేళ్లు పుస్తకంలో పెట్టుకుని దాచుకుంది.

టైలరమ్మ కూడా చూసింది. బొమ్మను, తర్వాత తలెత్తి టీచరుగారిని. ఒక్క క్షణమే. కాగితం మడిచి, అట్ట వెనక పెట్టి, మూసేసింది.

"లేదండీ. నేను చూసుకోకుండా చెప్పాను, పొరపాటు నాదే" అంది.

అయిపోయింది. గెలిచింది. వారం రోజులు మోసిన సంచి చేతిలో తేలికైపోయింది. బ్యాంకాయన ఔనౌను, వాక్యం జాగ్రత్తగా చదవాలి అంటున్నాడు. ఒకరిద్దరు టీచరుగారివైపు పాతరోజుల్లోలా చూస్తున్నారు. కిటికీ పక్కన ఆయన మాత్రం తన బూట్లు చూసుకుంటున్నాడు, గుర్రం లేకపోతే తను పడినదీ అబద్ధమేనేమో అన్నట్టు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు తలుపు తీసుకుని వచ్చి, ఏమండీ, మరి వచ్చే నెల సంగతి ఏమనుకున్నారు అన్నారు. అందరూ టీచరుగారివైపు తిరిగారు. కూర్చోవచ్చు. ఏమీ అనకుండా కూర్చుంటే చాలు, నల్లబల్ల ఇటు తిరుగుతుంది. కాని కూర్చోలేకపోయింది. దయ కలిగి కాదు, పశ్చాత్తాపం పొంగుకొచ్చీ కాదు, అబద్ధమెందుకు? అసూయతోనే. ఆ టైలరమ్మను చూడు, మొహం ఎంత ప్రశాంతంగా ఉందో, ఒకరి తప్పు తన నెత్తిన వేసుకుని. పాఠం ఆవిడకే, మనుషులు ఆవిడకే, ఆయన మాటలు ఆవిడకే, దేవుడూ ఆవిడకే. చివరికి ఈ తప్పు కూడా ఆవిడకేనా? ఇదొక్కటన్నా నాది నాకు దక్కొద్దా?

"ఆ గుర్రం నాదండీ. బుధవారం తరగతిలో నేనే బొమ్మ వేసిచ్చాను. ఆవిడ నేను చెప్పిందే చెప్పింది" అంది టీచరుగారు.

ఇంకా ఏదో అనాలి, ఈ మౌనాన్ని ఎవరైనా తెంపాలి, ఎవరూ తెంపరు, అందరికీ అలవాటు చేసేసింది ఆ మనిషి. వచ్చే నెల కూడా ఆవిడనే చెప్పనివ్వండి అని తన నోరే అంది. అంటుంటే పన్ను పీకినట్టుంది. పాస్టరుగారు మీది ఎంత పెద్దమనసండీ అనబోయి, తన మొహం చూసి ఆగిపోయారు. టైలరమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. ఇక కృతజ్ఞతలు చెబుతుంది కాబోలు, అది వినే ఓపిక మాత్రం లేదు దేవుడా, అనుకునేలోపే ఆవిడ అడిగింది, ఎప్పటిలాగే, కొలత తీసే గొంతుతో.

"మరి మీరెప్పుడైనా పడ్డారా టీచరుగారూ?"

అడిగి ఊరుకుంది. టేపు నడుముకు తగిలినట్టు ఒళ్లంతా బిగుసుకుంది. జవాబులు చాలా ఉన్నాయి, మూడు శీర్షికల కింద చెప్పగలదు. పంకా తిరుగుతోంది. అరనిమిషం, నిమిషం. కిటికీ పక్కన ఆయన తలెత్తాడు. అదిగో, ఆ మొహం, వాచీ చెవిదగ్గర పెట్టుకున్నప్పటి మొహం, ఇటు తిరిగింది. టీచరుగారు తనకు తెలియకుండానే ఊపిరి వదిలింది.

"లేదమ్మా. నేనింకా గుర్రం మీదే ఉన్నాను."

నర్సమ్మ కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు, పోయిన వారం ఆయన్ని చూసి నవ్వినట్టే మెత్తగా, ఆ మెత్తదనం తగిలి టీచరుగారికి ముక్కు ఎర్రబడింది. ఆయన నవ్వలేదు. గంట కొట్టారు, కుర్చీలు కదిలాయి, గొడుగులు తీసుకునేవాళ్లు నల్లబల్ల దగ్గర గుమిగూడారు. ఆయన మనుషుల్ని తప్పించుకుంటూ వచ్చి, గడప దాటి, మెట్టు దిగి, వెనక్కి తిరిగి, ప్రతివారంలాగే చెయ్యి చాపాడు.

"దిగు" అన్నాడు.

ఆమె గోడమీదినుంచి చెయ్యి తీసి ఆ చేతిలో పెట్టింది. పెట్టి, టైలరమ్మ చూస్తోందో లేదోనని ఒకసారి వెనక్కి చూసింది. చూస్తోంది. అప్పుడు మెట్టు దిగింది.